శబ్దం, అనుమానం

తర్కశాస్త్రం నుంచి తెలుగులోకి వచ్చిన రెండు మాటలు దారిలో అర్థం మార్చుకున్నాయి. సంస్కృతంలో 'అనుమానం' అంటే కనిపించే గుర్తు నుంచి కనిపించని కారణాన్ని రాబట్టడం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం. తెలుగులో అదే మాటకి సందేహం అని అర్థం. "నాకెందుకో అనుమానంగా ఉంది" అంటే ఇంకా ఏమీ తేలలేదనే. 'శబ్దం' అంటే మనకి చప్పుడు. తర్కంలో అదొక ప్రమాణం, అంటే తెలుసుకునే దారుల్లో ఒకటి: నమ్మదగినవాడు చెప్పిన మాట.

ఈ రెండు మాటలూ తమ పాత అర్థాలతో, కొత్త అర్థాలతో కలిసి కనిపించే చోటు ఒకటుంది. మెకానిక్ షెడ్డులో, బానెట్ ఎత్తిన కారు ముందు.

ఆ షెడ్డు గోదావరిఖనిలో ఉందనుకుందాం. పదేళ్లు దాటిన డీజిల్ కారు. ఓనరు సింగరేణిలో పని చేస్తాడు. వారం రోజులుగా బండి స్లోలో ఉన్నప్పుడు ఇంజన్ నుంచి టక్ టక్ మని చప్పుడు. మెకానిక్ ఒక నిమిషం విని, కాస్త రేస్ చేసి, "నాజిల్ పోయిందన్నా. ఒకటి పోయిందంటే మిగతావి కూడా దగ్గర పడ్డట్టే. నాలుగూ మార్చుకుంటే బెటర్" అంటాడు. నాజిల్ అంటే ఫ్యూయల్ ఇంజెక్టర్. షెడ్డుల్లో దానికి ఆ పేరే. ఒక్కోటి వేలల్లో ఉంటుంది, నాలుగంటే చిన్న ఖర్చు కాదు.

ఇక్కడ రెండు శబ్దాలున్నాయి. ఇంజన్ చేసే శబ్దాన్ని మెకానిక్ విన్నాడు. మెకానిక్ చెప్పిన శబ్దాన్ని ఓనరు విన్నాడు. ఇంజన్ చప్పుడు ఓనరుకీ వినిపించింది గానీ అందులో ఏముందో అతనికి అర్థం కాదు. అతని చేతిలో ఉన్నది మెకానిక్ మాట ఒక్కటే. దాన్ని నమ్మే హక్కు అతనికి ఎప్పుడొస్తుంది? నమ్మమని అడిగే మెకానిక్ అతనికి ఏం బాకీ ఉంటాడు?

మెకానిక్ మోసగాడైతే ఈ ప్రశ్నలో పెద్ద విషయం లేదు. మోసం తప్పు, అంతే. కాబట్టి అతను నిజాయితీగా, నిజంగానే నాజిల్ పోయిందనుకుని చెప్పాడనుకుందాం. ప్రశ్న అప్పుడు కష్టమవుతుంది.

*

ముందు చప్పుడు సంగతి చూద్దాం. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే అతి చిన్న కుళాయి. పెట్రోల్ ఇంజెక్టర్‌లో అయితే, కాయిల్‌లోకి కరెంటు రాగానే లోపలి సూది పైకి లేచి దేనికో తగిలి ఆగుతుంది. అదొక టిక్. కరెంటు ఆగగానే స్ప్రింగు దాన్ని కిందికి నెడితే సీటు మీద పడుతుంది. అదింకో టిక్. డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్‌లో కథ ఇంకొంచెం మెలికలు తిరిగినా సూత్రం ఇదే. అంటే టిక్ టిక్ మనడం దాని పని. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ కొట్టే కొత్త ఇంజన్లలో ఈ టిక్కు మరీ స్పష్టంగా వినిపిస్తుంది, బండి కొన్న మొదటి వారమే కొందరు కంగారు పడి షోరూమ్‌కి పరిగెత్తేంతగా. నిజానికి అసలు చప్పుడే చెయ్యని ఇంజెక్టర్‌ని చూసి భయపడాలి. అది పని మానేసింది.

లెక్క కూడా వెయ్యొచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోగా ఒకసారి ఇంధనం అందాలి. స్లోలో నిమిషానికి 800 చుట్లనుకుంటే, ఒక్కో ఇంజెక్టర్ వంతు నిమిషానికి 400 సార్లు వస్తుంది. సెకనుకి దాదాపు 7. నాలుగు సిలిండర్లకీ కలిపి సెకనుకి 27 దాకా.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వాల్వులు కూడా సరిగ్గా అదే లెక్కన, రెండు చుట్లకి ఒకసారి తెరుచుకుంటాయి. కాబట్టి టాపెట్ సందు పెరిగితే వచ్చే టక్ టక్‌కీ ఇంజెక్టర్ టక్ టక్‌కీ వేగం ఒకటే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గ్యాస్కెట్ కాలి గాలి తన్నుతుంటే, ఆ చప్పుడుది కూడా అదే వేగం. ఇంజెక్టర్ కింద సిలిండర్ హెడ్‌లో కూర్చునే రాగి వాషర్ పాడై, మండిన గ్యాసు పక్కనుంచి బయటికి తంతుంటే అదీ అంతే. తాళం ఒకటే, వాయించేవాళ్లు నలుగురైదుగురు. ఎంత అనుభవం ఉన్న చెవికైనా లయ ఒక్కటే సరిపోదు.

డీజిల్ ఇంజన్‌లో ఇంకో మెలిక ఉంది. అందులో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇంధనమంతా ఒక్కసారే లోపలికి పడితే, క్షణం ఆలస్యంగా, అంతా కలిసి భగ్గుమంటుంది. పాత డీజిల్ బండ్ల ఠక ఠక అదే. కామన్ రైల్ ఇంజన్లు దీన్ని తగ్గించాయి. (ప్యాసింజర్ కార్లలో మొదటిది 1997లో వచ్చిన ఆల్ఫా రోమియో 156.) అసలు మోతాదుకి ముందు చిటికెడు ఇంధనాన్ని లోపలికి పంపి, మంటని మెల్లగా మొదలుపెడతారు. దాన్ని పైలట్ ఇంజెక్షన్ అంటారు. ఏదైనా ఇంజెక్టర్ ఆ చిటికెడు సరిగ్గా వెయ్యలేకపోతే, ఆ ఒక్క సిలిండర్ పాత కాలానికి వెళ్లిపోయి ఠక్ మంటుంది. అప్పుడు మనం వినేది ఇంజెక్టర్ చప్పుడు కూడా కాదు, అది సరిగ్గా వడ్డించకపోవడం వల్ల మంట చేసే చప్పుడు. శబ్దం పుట్టిన చోటు వేరు, దోషం ఉన్న చోటు వేరు.

*

మరి ఎలా తేలుస్తారు?

1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. మన మెకానిక్‌లు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటారు. పని అదే. నాలుగింటినీ వరసగా వింటే మూడు ఒకలా, ఒకటి ఇంకోలా వినిపించొచ్చు. తేడా వినడానికి పోలిక కావాలి. ఒంటరి చప్పుడు ఏమీ చెప్పదు.

తర్వాతి మెట్టు, సిలిండర్లని ఒక్కొక్కటిగా ఆపి చూడటం. పాత డీజిల్ బండ్లలో పైపు నట్టు కొంచెం లూజు చేసి ఆపేవాళ్లు. కామన్ రైల్‌లో ఆ పని ప్రాణాంతకం. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో తన్నే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకని స్కానర్ ద్వారా ఆపుతారు. రెండో సిలిండర్‌ని ఆపగానే టక్ టక్ ఆగిందనుకోండి, సంబంధం ఆ సిలిండర్‌తోనే. కానీ ఎవరితో? అక్కడ ఇంజెక్టర్ ఉంది, పిస్టన్ ఉంది, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఉంది. మంట ఆగితే అన్నిటి మీదా బరువు తగ్గుతుంది, అన్నీ నెమ్మదిస్తాయి. వీధి దొరికింది, ఇల్లు దొరకలేదు.

మూడోది, రిటర్న్ కొలవడం. ఇంజెక్టర్‌లో వాడకుండా మిగిలిన డీజిల్ వెనక్కి పోయే సన్న పైపులకి నాలుగు సీసాలు తగిలించి ఇంజన్ నడిపిస్తారు. ఒక సీసా మిగతావాటికంటే బాగా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగి కారుతోందని గుర్తు.

నాలుగోది నాకు అన్నిటికంటే నచ్చేది. రెండో ఇంజెక్టర్‌ని మూడో దాని చోట పెట్టి, మూడోదాన్ని రెండో దాని చోట పెట్టడం. చప్పుడు ఇంజెక్టర్‌తో పాటు మూడో సిలిండర్‌కి వెళ్తే దోషం ఇంజెక్టర్‌ది. వెళ్లకుండా రెండో సిలిండర్‌లోనే ఉండిపోతే ఇంజెక్టర్ నిర్దోషి. తర్కంలో దీన్ని అన్వయ వ్యతిరేకాలు అంటారు. అది ఉన్నచోట ఇది ఉండాలి, అది లేనిచోట ఇది ఉండకూడదు. కోడ్ రాసి బతికే మాలాంటి వాళ్లం బగ్ ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి రోజూ చేసేది ఇదే: ఒక్కదాన్ని మార్చు, మిగతా అంతా అలాగే ఉంచు, ఏమైందో చూడు.

ఒక్కదాన్నే మార్చడం, అసలు కష్టం అందులోనే ఉంది. ఇంజెక్టర్ పీకితే కింద రాగి వాషర్ కొత్తది వెయ్యాలి. సీటు దగ్గర పేరుకున్న మసి గీకి శుభ్రం చెయ్యాలి. కనెక్టర్ తీసి మళ్లీ గట్టిగా పెట్టాలి. చాలా కామన్ రైల్ ఇంజెక్టర్లకి ఒంటి మీద ఒక కోడ్ ఉంటుంది, చోటు మారితే దాన్ని ఇంజన్ కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించాలి. ఒకటి మార్చామనుకుంటూ నాలుగు మార్చేశాం.

ఇప్పుడు మన గోదావరిఖని బండి దగ్గరికి రండి. కొత్త ఇంజెక్టర్ వేశారు. కొత్త రాగి వాషర్ కూడా వేశారు. చప్పుడు పోయింది. మెకానిక్ మొహంలో వెలుగు: "చెప్పిన కదా అన్నా, నాజిలే." ఓనరు సంతోషంగా డబ్బులిచ్చాడు. ఇద్దరూ నిజాయితీపరులే. కానీ దోషం పదుల రూపాయల వాషర్‌ది అయి ఉంటే? వేలు పెట్టి కొన్న ఇంజెక్టర్‌కి ఆ పేరు దక్కింది. పాత ఇంజెక్టర్ స్క్రాప్ డబ్బాలోకి పోయింది కాబట్టి నిజం ఎప్పటికీ బయటికి రాదు. పైగా మెకానిక్ అనుభవంలోకి ఇంకో 'రుజువు' చేరింది. వచ్చేసారి ఇంకాస్త నమ్మకంగా చెప్తాడు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఇష్యూ పోయింది కాబట్టి సర్వర్‌లోనే ఏదో ఉంది అనుకునే ఐటీ ఆఫీసుల్లో కూడా అనుభవం ఇలాగే పెరుగుతుంది.

మన తార్కికులు ఈ గుంటని ఎప్పుడో చూశారు. అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. ఆయన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్ల మొదటి పుస్తకం. అందులో ఉపాధి అనే దోషానికి చెప్పే ఉదాహరణ, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండాలి అనే వాదన. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉన్నచోటల్లా మాత్రం పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనప గుండుకి పొగేది? పొగ రావాలంటే నిప్పుకి పచ్చి కట్టె తోడవ్వాలి. మనం నిప్పునే చూస్తూ, పక్కనున్న పచ్చి కట్టెని చూడలేదు. కొత్త ఇంజెక్టర్ పక్కనున్న రాగి వాషర్ అలాంటి పచ్చి కట్టె.

కాబట్టి నిజాయితీ ఒక్కటే చాలదని తేలింది. నిజాయితీగా చెప్పిన మాట నిజాయితీగానే తప్పు కావొచ్చు, ఆ తప్పు తనని తాను రుజువు చేసుకుంటూ కూడా పోవచ్చు.

*

అంతా స్కానర్ పెడితే తేలిపోతుంది కదా అంటారు కొందరు. స్కానర్ కూడా చెప్పేది శబ్దమే, అంటే ఎవరిదో మాట. పి0202 అని చూపిస్తే, రెండో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా అని దాని అర్థం. సర్క్యూట్ అంటే వైరు కావొచ్చు, తుప్పు పట్టిన కనెక్టర్ కావొచ్చు, ఎలక కొరికిన తీగ కావొచ్చు. "కోడ్ వచ్చింది, నాజిల్ మార్చాలి" అనేది స్కానర్ అన్న మాట కాదు. స్కానర్ నోట్లో మనం పెట్టిన మాట.

ఇంజన్ కంప్యూటర్ నిజానికి మనకంటే బాగా వింటుంది. క్రాంక్ ప్రతి మంటకీ ఎంత వేగం పుంజుకుందో కొలిచి, ఏ సిలిండర్ వెనకబడిందో తెలుసుకుని దానికి డీజిల్ కొంచెం పెంచుతుంది. ఏ సిలిండర్‌కి ఎంత సర్దుబాటు చేస్తోందో స్కానర్‌లో చూడొచ్చు. అయితే వెనకబడటానికి కారణం ఇంజెక్టరా, కంప్రెషన్ తగ్గడమా అన్నది దానికీ తెలియదు. పరికరం మంచిదే. ఎక్కడ ఆగాలో తెలిసినవాడి చేతిలో ఉంటే.

మరి ఈ పరీక్షలన్నీ తెలిసిన మెకానిక్ కూడా ఎందుకు చెయ్యడు? బద్ధకం అనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే. ఈ పరీక్షలకి రెండు మూడు గంటలు పడుతుంది. చివరికి "ఏం లేదన్నా, వాషర్ మార్చిన, తీస్కపో" అంటే ఓనరు ఎంతిస్తాడు? రెండు వందలిచ్చి, అదీ ఎక్కువే అనుకుంటాడు. అదే నాలుగు నాజిల్‌లు మార్చి బిల్లు రాస్తే నోరెత్తకుండా కడతాడు. చేతికి ఒక వస్తువు వచ్చింది కదా. మన షెడ్డుల్లో వస్తువుకి ధర ఉంది, విప్పి బిగించడానికి కూలి ఉంది, వినడానికి మాత్రం ఏమీ లేదు. ఆ పద్ధతి మెకానిక్ ఒక్కడే పెట్టలేదు. బేరమాడే మనమూ పెట్టాం.

అందుకని షెడ్డులో ఒక వింత జరుగుతుంది. అనుమానం అనే మాట సంస్కృతార్థంలో ఖర్చు, తెలుగు అర్థంలో ఆదాయం. తర్కించి తేల్చడానికి టైము పడుతుంది, దానికి ఎవరూ డబ్బివ్వరు. సందేహాన్ని సందేహంగానే ఉంచి "ఎందుకైనా మంచిది, మార్చేద్దాం" అంటే డబ్బొస్తుంది.

*

ఈ 'ఎందుకైనా మంచిది' అనే మాట అన్నిచోట్లా చెడ్డది కాదు. మన ఓనరు రోజూ పనిచేసే చోట అది ప్రాణాలు కాపాడే మాట.

గోదావరిఖని పేరులోనే ఖని ఉంది. భూగర్భ గనిని అక్కడి జనం బాయి అంటారు. బాయిలో కూడా ఒక మనిషి చప్పుడు వింటాడు, అది అతని ఉద్యోగం. మైనింగ్ సర్దార్ అంటారు. గనుల భద్రతా డైరెక్టరేట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు. షిఫ్టు పని మొదలవ్వకముందే అతను తన జిల్లా, అంటే తన బాధ్యతలో ఉన్న భాగం, అంతా తిరిగి చూడాలని చట్టం. గాలి చూడాలి, గ్యాసు చూడాలి, పైకప్పు చూడాలి. కర్రతోనో రాడ్డుతోనో పైకప్పు మీద కొట్టి వింటారు. గట్టిగా ఉన్న పైకప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట బోలుగా, డప్పు మీద కొట్టినట్టు పలుకుతుంది. ఒక చేత్తో కొడుతూ రెండో చెయ్యి పైకప్పుకి ఆనించి అదురు కూడా చూస్తారు. అనుమానం వస్తే ఊడిపోయేలా ఉన్నదాన్ని ముందే దించాలి, ఆధారాలు పెట్టాలి. ప్రమాదం ఉందనిపిస్తే మనుషుల్ని అక్కణ్ణుంచి బయటికి పంపెయ్యాలి. చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

ఈ వినడానికీ హద్దులున్నాయి. కర్ర దెబ్బ చేతికందే పొర గురించే చెప్తుంది. మందమైన పలక పైన ఎక్కడో విడిపోయి ఉన్నా కింద ఖంగుమనే వినిపించొచ్చు. అందుకే ఇప్పుడు టెల్‌టేల్ లాంటి పరికరాలు పెడతారు. పైకప్పు లోపల పొరలు ఎన్ని మిల్లీమీటర్లు కదిలాయో రంగు పట్టీలతో చూపిస్తాయవి. స్క్రూడ్రైవర్‌కి తోడు స్కానర్ లాగా.

ఈ చప్పుడు తప్పుగా వింటే ఏమవుతుందో ఆ ఊరికి చెప్పక్కర్లేదు. 2003 అక్టోబర్‌లో జీడీకే 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. 2022 మార్చి 7న, అక్కడికి దగ్గర్లోని అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు.

షెడ్డునీ గనినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. షెడ్డులో అనుమానం వ్యక్తం చేసినవాడికి లాభం, దాని ఖర్చు ఎదుటివాడిది. గనిలో అనుమానం వ్యక్తం చేస్తే పని ఆగుతుంది, బొగ్గు ఆగుతుంది, పైనుంచి ఫోన్లొస్తాయి. అనుమానపడినవాడికి అందులో మిగిలేదేమీ లేదు. అందుకే షెడ్డుల్లో అనుమానాలు అవసరానికి మించి పుడతాయి. గనుల్లో, ఏ దేశపు గనుల్లోనైనా, పుట్టిన అనుమానం నోటి దాకా రాకుండా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. చప్పుడు వినే చెవి రెండు చోట్లా మంచిదే కావొచ్చు. విన్నదానికీ చెప్పేదానికీ మధ్య ఎవరి డబ్బు నిలబడి ఉందన్నది తేడా.

గని చట్టాలు రాసినవాళ్లకి ఇది తెలుసనిపిస్తుంది. అందుకే సర్దార్ తిరగడాన్ని అతని మంచితనానికి వదిలెయ్యకుండా చట్టంలో పెట్టారు. పెద్ద గనుల్లో కార్మికుల తరఫున చూడటానికి వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్‌ని కూడా పెట్టారు. అనుమానపడటం ఒక మనిషి తెగింపు మీద ఆధారపడకూడదని. ఆచరణలో ఎంత నిలబడుతుందన్నది వేరే సంగతి. ఆలోచన మాత్రం సరైనది: వినడాన్ని ఉత్పత్తి నుంచి విడదీసి, దానికదే ఒక పనిగా, జీతం ఉన్న పనిగా చెయ్యడం.

*

దీనికి ఇంకో పరిష్కారం బాగా ప్రచారంలో ఉంది. చెప్పేవాడు తన మాటకి తనే నష్టం భరించేలా చెయ్యి, సరిగ్గా చెప్తాడు అని. హమ్మురాబి శాసనంలో, కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష. నసీమ్ తాలెబ్ 2018లో 'స్కిన్ ఇన్ ది గేమ్' పేరుతో పుస్తకమే రాశాడు. ఈ వాదన ప్రకారం పైకప్పు మీద కర్రతో కొట్టేవాడు ఆ పైకప్పు కిందే నిలబడతాడు కాబట్టి అతని మాట నమ్మొచ్చు. మెకానిక్ మన కారులో కూర్చోడు కాబట్టి నమ్మలేం.

ఇందులో సగం నిజం ఉంది. ప్రమాదాన్ని పంచుకోవడం వల్ల మనిషి అబద్ధం చెప్పడు. కానీ సరిగ్గా వింటాడని హామీ ఏది? అడ్రియాలలో చనిపోయిన ముగ్గురిలో సేఫ్టీ అధికారి కూడా ఉన్నారు. ఆయన పైకప్పు కిందే ఉన్నారు. అంతకంటే ఎక్కువ పణంగా పెట్టడానికి మనిషి దగ్గర ఏముంటుంది? భూమి ఆ లెక్క చూడలేదు. రాగి వాషర్ కథ చెప్పిందీ ఇదే. చిత్తశుద్ధి వేరు, సరిగ్గా తెలియడం వేరు.

న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, ఎవరో చెప్తూ ఈ రెండిటినీ కలిపే అడుగుతాడు. విషయం అతనికి స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరికా ఉండాలి. ఈ లక్షణం రుషులకీ, ఆర్యులకీ, మ్లేచ్ఛులకీ సమానమేనని కూడా అంటాడు. నాకు ఆ భాష్యంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. ఆప్తుడు అవడానికి పుట్టుక అక్కర్లేదు, పట్టా అక్కర్లేదు. చేతులకి గ్రీజు అంటిన మనిషి ఇంజెక్టర్ విషయంలో ఆప్తుడు కావొచ్చు, ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాడు కాకపోవచ్చు.

అయితే వినేవాడి వైపు నుంచి ఒక ఇబ్బంది మిగిలిపోతుంది. ఎదుటివాడికి నిజంగా తెలుసో లేదో తెలియనివాడికి ఎలా తెలుస్తుంది? తెలిస్తే అతని దగ్గరికి వెళ్లనే అక్కర్లేదు కదా. బౌద్ధ తార్కికులూ వైశేషికులూ ఇలాంటి కారణాలతోనే శబ్దాన్ని విడి ప్రమాణంగా ఒప్పుకోలేదు. ఒకరి మాట నమ్మడం కూడా ఒక రకం అనుమానమే అన్నారు: ఇతను నమ్మదగినవాడు, కాబట్టి ఇతని మాట నిజమై ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను వాళ్లవైపే. శబ్దాన్ని ఊరికే మింగలేం, దానికి గుర్తులు వెతుక్కోవాలి.

నా దృష్టిలో పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఇంజెక్టర్ గురించి ఏమీ తెలియనివాడు కూడా దాన్ని పట్టుకోగలడు. తన మాట తప్పని తేలే దారిని చెప్పేవాడే మూసేస్తున్నాడా, తెరిచి ఉంచుతున్నాడా అన్నది. "నా పాతికేళ్ల అనుభవం" అన్న మాట ఆ దారి మూసేస్తుంది. "రెండోదీ మూడోదీ మార్చి చూద్దాం, చప్పుడు దాంతో పాటు జరగకపోతే నాజిల్ కాదు" అన్న మాట తెరుస్తుంది. మొదటి మాట నిజమే కావొచ్చు, రెండోవాడే పొరబడొచ్చు. కానీ రెండోవాడి పొరపాటు మన డబ్బులు పోకముందు బయటపడుతుంది. మొదటివాడిది ఎప్పటికీ పడదు. మెకానిక్ ఓనరుకి బాకీ ఉన్నది నిజం అని నేను అనుకోను, ఎవరూ ప్రతిసారీ నిజం ఇవ్వలేరు. తప్పైతే దొరికిపోయేలా చెప్పడం మాత్రం బాకీ.

*

బాకీ ఒకవైపే లేదు. వినడానికి ధర కట్టని మనం, విని చెప్పమని ఎలా అడుగుతాం? "ఏం లేదు, నడుపుకో" అన్న మాటకి గంట కూలి ఇవ్వని ఓనరు, తర్వాతిసారి నాలుగు నాజిల్‌ల బిల్లు చూసి ఆశ్చర్యపోకూడదు. బాయిలో సర్దార్ "ఇవాళ ఇక్కడ పని వద్దు" అన్నప్పుడు ఆ రోజు నష్టాన్ని కంపెనీ, అంటే చివరికి బొగ్గుతో కరెంటు వాడుకునే మనమంతా, మోయడానికి సిద్ధంగా లేకపోతే అతని చెవి ఎంత మంచిదైనా ఏం లాభం? ఎదుటివాడి మాట మీద బతికే మనం, అతను నిజం చెప్పగలిగే పరిస్థితి ఉందా లేదా అన్నదానికి కొంత జవాబుదారీలమే.

పెద్ద మాటలు పక్కన పెడితే, చప్పుడు చేసే బండి ఉన్నవాళ్లకి దీంట్లో చేసుకోగలిగినవి మూడున్నాయి. పని మొదలయ్యేముందే, "చూసి చెప్పడానికి గంటకి ఇంత ఇస్తానన్నా, ఏదైనా మార్చాల్సి వస్తే అది వేరే లెక్క" అని విడదీసి మాట్లాడుకోవడం. "నాజిల్ కాదని తేలాలంటే ఏం చేసి చూడాలి?" అని అడగడం. మార్చాల్సే వస్తే, పాత ఇంజెక్టర్‌ని స్క్రాప్‌లో వెయ్యనివ్వకుండా తెచ్చుకుని, డీజిల్ పంపు, నాజిల్ పరీక్షించే షాపులో బెంచ్ మీద పెట్టించి చూడటం. అది బాగానే ఉందని తేలితే ఆ కాగితం తీసుకెళ్లి మెకానిక్‌కి చూపించాలి. గొడవ పెట్టుకోవడానికి వద్దు. అలాంటి వార్త అతనికి ఇప్పటిదాకా ఎవరూ తెచ్చి ఉండరు, తన చెవి ఎక్కడ తప్పిందో తెలుసుకునే అవకాశం కూడా అతనికి వచ్చి ఉండదు.